దోర్నాల మిర్చి, బర్మా కంది: పొరుగు దేశాల వ్యాపార ఒప్పందాలు ఊరి దాకా ఎలా వస్తాయి?

2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చి బస్తాలతో ఒక ప్రత్యేక పార్సిల్ రైలు బయల్దేరింది. 16 వ్యాన్లు, సుమారు 384 టన్నుల సరుకు. దిగాల్సిన చోటు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్. దేశ సరిహద్దు దాటి పార్సిల్ రైలు వెళ్లడం అదే మొదటిసారి అని రైల్వే శాఖ అప్పట్లో ప్రకటించింది. అంతకు ముందు ఆ సరుకు లారీల్లో పోయేది, టన్నుకు దాదాపు 7,000 రూపాయల ఖర్చు. కరోనా లాక్‌డౌన్‌తో లారీల రవాణా దెబ్బతింది. పోనీ గూడ్సు రైలు మాట్లాడుకుందామంటే ఒక్కో ట్రిప్పుకు 1,500 టన్నులకు పైగా సరుకు పోగెయ్యాలి. అది చిన్న వ్యాపారులకు అయ్యే పని కాదు. పార్సిల్ రైలులో టన్నుకు 4,608 రూపాయలే పడింది.

పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, త్రిపురాంతకం, మార్కాపురం వైపు మిర్చి వేసే రైతుకు గుంటూరు యార్డే పెద్ద దిక్కు. కర్నూలు-గుంటూరు రోడ్డు మీద లారీలో పోయిన టిక్కీలు యార్డులో కమీషన్ ఏజెంటు చేతిలో పడతాయి. అక్కడి నుంచి ఢాకాకు పోతాయో, కొలంబోకు పోతాయో, చైనాకు పోతాయో రైతుకు తెలియదు. కానీ ఆ ఊళ్లలో కొనుగోళ్లు ఆగితే యార్డులో పాట పడిపోతుంది. ఆ సంగతి మాత్రం సాయంత్రానికల్లా దోర్నాలకు తెలుస్తుంది.

ఇదే రైతు మిర్చికి నీళ్లు చాలని చేనులో కంది వేస్తాడు. పశ్చిమ ప్రకాశంలో కంది ముఖ్యమైన మెట్ట పంట. ఆ కందికి పోటీ బర్మా నుంచి, ఆఫ్రికా నుంచి వస్తుంది. అంటే ఒకే ఇంట్లో మిర్చి చేను సరిహద్దు గేటు తెరవమంటుంది, కంది చేను మూయమంటుంది. పొరుగు దేశాలతో వ్యాపారం మంచిదా చెడ్డదా అని టీవీల్లో జరిగే వాదన చాలా వరకు ఈ చిక్కును పక్కన పెట్టేస్తుంది. అందుకే అసలు ఈ ఒప్పందాలు ఏమిటి, ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ కాగితం మీదే ఉండిపోతాయి అన్నది కొంచెం వివరంగా తెలుసుకోవాలి.

ఒప్పందంలో మెట్లు

రెండు దేశాలు కొన్ని వస్తువుల మీద సుంకం కొంచెం తగ్గించుకుంటే దాన్ని ప్రాధాన్య వ్యాపార ఒప్పందం అంటారు. ఎక్కువ వస్తువుల మీద సుంకం పూర్తిగా తీసేస్తే అది స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం. సభ్య దేశాలన్నీ కలిసి బయటి దేశాల సరుకు మీద ఒకే సుంకం వేస్తే కస్టమ్స్ యూనియన్. ఆ పైన సరుకుతో పాటు మనుషులు, పెట్టుబడి కూడా అడ్డు లేకుండా తిరిగితే ఉమ్మడి మార్కెట్.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు కస్టమ్స్ యూనియన్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ కలిసి 1981లో గల్ఫ్ సహకార మండలి పెట్టుకున్నాయి. 2003 జనవరి 1 నుంచి బయటి సరుకులో ఎక్కువ భాగం మీద అన్నీ ఒకే 5 శాతం సుంకం వేయడం మొదలుపెట్టాయి. 2008లో ఉమ్మడి మార్కెట్ అన్నారు. అందులో ఒక దేశంలో పని మాని ఇంకో దేశానికి పోయే వెసులుబాటు ఆ ఆరు దేశాల పౌరులకే. ఇక్కడి నుంచి వెళ్లిన డ్రైవరుకు, మేస్త్రీకి దేశం మారితే మళ్లీ వీసా మొదటి నుంచే.

ఇంటి దగ్గర ఉదాహరణ కావాలంటే జీఎస్టీని చూడవచ్చు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయాక ఆంధ్ర, తెలంగాణ మధ్య సరిహద్దులో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు వచ్చాయి. కాగితాలు చూపించి, స్టాంపు వేయించుకుని, గంటల తరబడి లారీలు నిలబడేవి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ చెక్‌పోస్టులు ఎత్తేశారు. జీఎస్టీ మీద ఎన్ని ఫిర్యాదులున్నా, ఈ ఒక్క విషయంలో లారీ డ్రైవర్లు మంచే చెబుతారు. దేశాల మధ్య కూడా జరగాల్సిన పని ఇదే. కాకపోతే అక్కడ రెండు వైపులా వేరు వేరు ప్రభుత్వాలు, వేరు వేరు డబ్బు, వేరు వేరు అనుమానాలు.

సార్క్ నుంచి సాఫ్టా దాకా

దక్షిణాసియా దేశాలు 1985 డిసెంబర్ 8న ఢాకాలో సార్క్ అనే కూటమి పెట్టుకున్నాయి. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు మొదటి ఏడు. 2007లో అఫ్గానిస్తాన్ చేరి ఎనిమిది అయ్యాయి. వ్యాపారం కోసం 1993లో సాప్టా అనే ప్రాధాన్య ఒప్పందం మీద సంతకాలు పెట్టారు, అది 1995 డిసెంబర్‌లో అమలుకొచ్చింది. తర్వాత 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో సాఫ్టా, అంటే దక్షిణాసియా స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం కుదిరింది. 2006 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. సుంకాలను మెల్లమెల్లగా 0 నుంచి 5 శాతం లోపుకు దించాలన్నది లక్ష్యం.

అంత జరిగాక కూడా ఈ ఎనిమిది దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం, వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే ఆగింది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో ఇది ఐదో వంతు పైనే. యూరప్ కూటమిలో సగానికి పైన. 2018లో ప్రపంచ బ్యాంకు వేసిన లెక్క ప్రకారం దక్షిణాసియాలో లోపలి వ్యాపారం 2,300 కోట్ల డాలర్లు మాత్రమే. మనుషులు పెట్టిన అడ్డంకులు తీసేస్తే అది 6,700 కోట్ల డాలర్లకు పోగలదని ఆ నివేదిక అంచనా.

ఎందుకు పెరగలేదు? ఒక కారణం ఒప్పందంలోనే ఉంది. ప్రతి దేశం కొన్ని వస్తువులను సున్నితమైన జాబితాలో పెట్టుకోవచ్చు. ఆ జాబితాలో ఉన్నవాటి మీద సుంకం తగ్గించక్కర్లేదు. సహజంగానే పొరుగువాడు బాగా అమ్మగలిగిన సరుకే ముందుగా ఆ జాబితాలోకి ఎక్కుతుంది. ఈ దేశాల మధ్య జరిగే వ్యాపారంలో మూడో వంతుకు పైగా ఇలాంటి జాబితాల్లోనే ఉందని అదే ప్రపంచ బ్యాంకు నివేదిక చెప్పింది. భారత్ 2011లో పేద సభ్య దేశాల విషయంలో తన జాబితాను 480 వస్తువుల నుంచి 25కు తగ్గించింది. మిగిలినవి మద్యం, పొగాకు రకాలే. బంగ్లాదేశ్ రెడీమేడ్ బట్టలు ఇక్కడి షాపుల్లోకి సుంకం లేకుండా రావడానికి ఆ నిర్ణయమే దారి.

ఇంకో కారణం పుట్టుక నిబంధన. ఒప్పందంలో ఉన్న దేశం నుంచి వచ్చిందంటే సరిపోదు, ఆ సరుకు అక్కడే పండిందని లేదా అక్కడే తయారైందని రుజువు చూపాలి. ఇది విసుగు పుట్టించే నిబంధనే గానీ అవసరం లేనిది కాదు. శ్రీలంకతో భారత్‌కు విడిగా ఒక ఒప్పందం ఉంది. 1998 డిసెంబర్ 28న సంతకం, 2000 మార్చిలో అమలు. ఆ దారిలో వియత్నాం మిరియాలు శ్రీలంక పేరుతో తక్కువ సుంకానికి వస్తున్నాయని కేరళ, కర్ణాటక రైతులు గోల పెట్టారు. చివరికి 2017 డిసెంబర్‌లో కేంద్రం కిలోకు 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టాల్సి వచ్చింది. తలుపు తీసేటప్పుడు ఎవరు లోపలికి వస్తున్నారో చూడకపోతే ఏమవుతుందో ఆ మిరియాల రైతుల్ని అడగాలి.

సుంకం కన్నా గేటు పెద్దది

దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డులో రాత్రి పూట అటవీ శాఖ గేట్లు మూస్తారు. వేళ దాటి వచ్చిన బండి తెల్లారే దాకా ఆగాల్సిందే. అక్కడ కారణం పులులు, ఇతర జంతువులు. నియమం అందరికీ తెలుసు, గేటు ఎప్పుడు తీస్తారో కూడా తెలుసు. కాబట్టి డ్రైవర్లు దానికి తగ్గట్టు బయల్దేరతారు.

బంగ్లాదేశ్ సరిహద్దులో ఆ మాత్రం నమ్మకం కూడా ఉండదు. పశ్చిమ బెంగాల్ వైపు పెట్రాపోల్, అవతల బెనాపోల్. ఈ రెండు దేశాల మధ్య రోడ్డు మీద సాగే వ్యాపారానికి ఇదే అన్నిటికన్నా పెద్ద దారి. 2021లో ప్రపంచ బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారం ఇక్కడ సరుకు దాటడానికి 138 గంటలు, అంటే దాదాపు ఆరు రోజులు పట్టేది. అందులో 28 గంటలు ఒక లారీ నుంచి దించి ఇంకో లారీలోకి ఎక్కించడానికే. ఎందుకంటే భారత లారీ అవతల ఎక్కడికంటే అక్కడికి పోవడానికి లేదు. తూర్పు ఆఫ్రికాలో ఇంతే రద్దీ ఉన్న సరిహద్దుల్లో ఆరు గంటల లోపే అవుతుందట. అదే నివేదికలో ఇంకో మాట ఉంది: భారత కంపెనీకి బంగ్లాదేశ్‌తో కన్నా బ్రెజిల్‌తోనో జర్మనీతోనో వ్యాపారం చేయడం 15 నుంచి 20 శాతం చవక.

ఈ లారీల చిక్కు తీర్చాలనే 2014 నవంబర్‌లో ఖాట్మండు సార్క్ సమావేశంలో మోటారు వాహనాల ఒప్పందం ముందుకొచ్చింది. పాకిస్తాన్ ఒప్పుకోలేదు. దాంతో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ నాలుగూ 2015 జూన్ 15న థింపూలో విడిగా ఒప్పందం చేసుకున్నాయి. చిన్న దేశం భూటాన్ తన పర్యావరణం దెబ్బతింటుందని భయపడి పక్కకు తప్పుకుంది. మిగిలిన దేశాల మధ్య కూడా లారీలు అనుకున్నట్టు తిరగలేదు. ఇక సార్క్ శిఖరాగ్ర సమావేశమైతే ఆ ఖాట్మండు తర్వాత మళ్లీ జరగలేదు. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సినది రద్దయింది.

ఈ కోణంలో చూస్తే పాత ప్రకాశం జిల్లా తీరంలోనే ఒక మంచి రుజువు ఉంది. 2022 జిల్లాల విభజన తర్వాత బాపట్ల జిల్లాలో ఉన్న మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. 1244-45 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు పట్టుకునేవారు. తాను అలా చేయనని, న్యాయమైన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. సుంకం సరుకులో ముప్పైయో వంతు. మంచిగంధం, కర్పూరం, పన్నీరు, ముత్యాలు, పగడాలు, పట్టు లాంటి వాటికి ఏ లెక్కన ఎంత అన్నది కూడా రాయించాడు. ముప్పైయో వంతు అంటే సుమారు 3 శాతం, సాఫ్టా లక్ష్యంగా పెట్టుకున్న హద్దు లోపలే. కానీ వర్తకుడికి ఆ 3 శాతం కన్నా ముఖ్యమైనది రేపు రాజు మనసు మారదన్న హామీ. తర్వాత గోల్కొండ కుతుబ్ షాహీల కాలంలో మచిలీపట్నం రేవుకు పర్షియా, బర్మా, సుమత్రా నుంచి ఓడలు వచ్చేవి. చీరాల నేతగాళ్ల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవి. ఈ తీరానికి సముద్రం అవతలి దేశాలతో బేరాలు కొత్త కాదు.

గేటు మూస్తే సరుకు ఆగుతుందా?

పాకిస్తాన్‌తో వ్యాపారం సంగతి చూస్తే జవాబు దొరుకుతుంది. భారత్ 1996లో పాకిస్తాన్‌కు అత్యంత అనుకూల దేశం హోదా ఇచ్చింది. 2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత దాన్ని వెనక్కి తీసుకుని 200 శాతం సుంకం వేసింది. అదే ఏడాది ఆగస్టులో పాకిస్తాన్ తన వైపు నుంచి వ్యాపారం ఆపేసింది. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దాడి తర్వాత అటారీ గేటు మూతపడింది. మే 2 నుంచి పాకిస్తాన్ సరుకు నేరుగా గానీ, ఇంకో దేశం మీదుగా గానీ రాకూడదని నిషేధం వచ్చింది.

ఆ తర్వాత నెలలోనే కేంద్ర రెవెన్యూ నిఘా అధికారులు 39 కంటైనర్లు పట్టుకున్నారు. 1,115 టన్నుల పాకిస్తాన్ సరుకు. అందులో ఎండు ఖర్జూరం కూడా ఉంది. యూఏఈలో పుట్టిన సరుకు అని కాగితాలు మార్చి దుబాయ్ మీదుగా తెచ్చారు. అంటే కరాచీ నుంచి పక్కనే ఉన్న ముంబైకి రావాల్సిన సరుకు చుట్టూ తిరిగి, మధ్యలో ఇంకొకరికి లాభం ఇచ్చి వస్తోంది. భద్రత కోసం తీసుకున్న నిర్ణయం మీద వాదన వేరు. కానీ ఆ చుట్టు తిరుగుడు ఖర్చు కట్టేది మాత్రం కొనేవాళ్లే.

రంజాన్ నెల వచ్చిందంటే ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద కనిపించే రూహ్ అఫ్జా కథ కూడా ఇలాంటిదే. 1906లో హకీమ్ హాఫిజ్ అబ్దుల్ మజీద్ ఢిల్లీలో హమ్దర్ద్ దవాఖానా పెట్టారు. దేశ విభజన తర్వాత ఒక కొడుకు ఢిల్లీలో ఉండిపోయారు, ఇంకో కొడుకు హకీమ్ మహ్మద్ సయీద్ 1948లో కరాచీలో ఇంకో హమ్దర్ద్ మొదలుపెట్టారు. బంగ్లాదేశ్ ఏర్పడ్డాక అక్కడిది మూడోది అయింది. ఒకే షర్బత్, మూడు దేశాల్లో మూడు సంస్థలు. 2019 రంజాన్‌లో భారత్‌లో సీసాలు దొరకనప్పుడు, వాఘా మీదుగా లారీలు పంపిస్తామని పాకిస్తాన్ హమ్దర్ద్ బహిరంగంగానే అడిగింది. లారీలు రాలేదు.

ఉల్లిపాయల విషయంలో గేటు మూసింది భారతే. 2019 సెప్టెంబర్ చివర, మళ్లీ 2020 సెప్టెంబర్‌లో, మళ్లీ 2023 డిసెంబర్‌లో ఎగుమతి నిషేధించింది. ఇక్కడ ధర తగ్గించడానికి అది పనికొచ్చి ఉండొచ్చు. అవతల ఢాకాలో రాత్రికి రాత్రి ధరలు ఎగిరాయి. 2019 అక్టోబర్‌లో ఢిల్లీ వచ్చిన అప్పటి బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, ఉల్లిపాయ లేకుండానే వండమని తన వంటవాడికి చెప్పానని, ముందే ఒక మాట చెబితే బాగుండేదని నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు వెనక ఉన్న చురుకు అందరికీ అర్థమైంది. ఇలా రెండు మూడు సార్లు దెబ్బతిన్న పొరుగు దేశం వేరే దేశాల నుంచి తెచ్చుకోవడం మొదలుపెడుతుంది, సొంతంగా పండించుకోవాలని చూస్తుంది. అప్పుడు నష్టం కర్నూలు ఉల్లి రైతుకు కూడా.

2024 ఆగస్టు 5న హసీనా ప్రభుత్వం పడిపోయాక బంగ్లాదేశ్‌తో సంబంధాలు మరింత బిగుసుకున్నాయి. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గంలో భారత నూలు రాకుండా ఆపింది. అదే నెలలో భారత్ తన రేవులు, విమానాశ్రయాల ద్వారా మూడో దేశానికి సరుకు పంపుకునే సదుపాయాన్ని బంగ్లాదేశ్‌కు రద్దు చేసింది. మే 17న ఆ దేశపు రెడీమేడ్ బట్టలు సరిహద్దు చెక్‌పోస్టుల ద్వారా కాకుండా నావా శేవా, కోల్‌కతా రేవుల ద్వారానే రావాలని ఆంక్ష పెట్టింది. సుంకం సున్నాగానే ఉండొచ్చు, కానీ గేటు మూతపడింది.

మిర్చి వైపు నుంచి

భారత్ నుంచి ఎగుమతయ్యే మసాలా దినుసుల్లో మిర్చిదే మొదటి స్థానం. 2023-24లో సుమారు 6 లక్షల టన్నులు, 12 వేల కోట్ల రూపాయలకు పైగా విలువ. పెద్ద కొనుగోలుదారు చైనా. తర్వాతి వరుసలో బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, శ్రీలంక, మలేషియా, ఇండోనేషియా లాంటివి. ఈ పేర్లు చూస్తే ఒక విషయం తెలుస్తుంది: ఎక్కువ సరుకు పోయేది అమెరికా, యూరప్‌లకు కాదు, చుట్టుపక్కల ఉన్న, ఇంకా ఎదుగుతున్న దేశాలకే. అక్కడి ఇళ్లలో కూడా కూర ఎర్రగానే ఉండాలి.

చైనాతో భారత్‌కు స్వేచ్ఛా వ్యాపార ఒప్పందం లేదు. చైనా, ఆసియాన్ దేశాలన్నీ ఉన్న పెద్ద కూటమి ఆర్‌సెప్ నుంచి భారత్ 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో తప్పుకుంది. అయినా తేజ రకం చైనాకు పోతూనే ఉంది. ఘాటు అవసరం ఉన్నవాడు సుంకం కట్టి అయినా కొంటాడు. అంటే ఒప్పందం ఉంటేనే వ్యాపారం అన్న మాట పూర్తిగా నిజం కాదు. కానీ ఒకే పెద్ద కొనుగోలుదారు మీద ఆధారపడితే, అతను ఒక ఏడాది వెనక్కి తగ్గితే తట్టుకోవడం కష్టం. పక్కన బంగ్లాదేశ్, శ్రీలంక గట్టిగా కొంటూ ఉంటే ఆ దెబ్బ కొంత తగ్గుతుంది. శ్రీలంక తన ఎండుమిర్చిలో ఎక్కువ భాగం భారత్ నుంచే కొంటుంది. 2022లో ఆ దేశం దగ్గర డాలర్లు అయిపోయి, నిత్యావసరాల కంటైనర్లు కొలంబో రేవులోనే ఇరుక్కుపోయాయి. పొరుగువాడి జేబు ఖాళీ అయితే ఇక్కడి సరుకు కొనేవాడు ఉండడు.

ధరల సంగతి రైతులకు చెప్పక్కర్లేదు. 2021-22లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. సరుకు తక్కువై 2023లో తేజ క్వింటా 20 వేలు దాటింది. ఆ ధర చూసి విస్తీర్ణం పెరిగింది, కోల్డ్ స్టోరేజీలు నిండాయి. 2025 మొదట్లో ధర సగానికి పడింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటా 11,781 రూపాయల ధర, 2.58 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది. విచిత్రం ఏమిటంటే ఆ 2024-25లోనే ఎగుమతి పరిమాణం 7 లక్షల టన్నులు దాటింది, విలువ మాత్రం అంతకు ముందు ఏడాది కన్నా తగ్గింది. ఎక్కువ బస్తాలు పోయాయి, తక్కువ డబ్బు వచ్చింది. గేటు తెరిచి ఉండటం అవసరమే గానీ, అదొక్కటే ధర నిలబెట్టదు.

కంది వైపు నుంచి

పప్పుచారైనా, ఖట్టీ దాల్ అయినా కందిపప్పు లేకుండా కుదరదు. దేశంలో పండే కంది దేశానికి చాలదు. అందుకే దిగుమతి. ప్రధానంగా వచ్చేది మయన్మార్ నుంచి, ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా, మలావీ నుంచి. మయన్మార్ అంటే పాత బర్మా. 1937 దాకా అది బ్రిటిష్ ఇండియాలో భాగమే. కోస్తా తెలుగు కుటుంబాల్లో పెద్దలు రంగూన్‌ను రంగం అనేవారు, అక్కడికి పనికి పోయి వచ్చినవాళ్లు ఊరూరా ఉండేవారు.

2015లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. గాభరా పడిన కేంద్రం 2016లో మొజాంబిక్‌తో కంది కొనుగోలు ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ధర చూసి ఇక్కడి రైతులు కూడా విపరీతంగా వేశారు. రికార్డు పంట వచ్చింది, 2017లో ధర 5,050 రూపాయల మద్దతు ధర కన్నా కిందికి పడిపోయింది. 2017 ఆగస్టులో కేంద్రం కంది దిగుమతి మీద ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. భారత్ కొంటుందని నమ్మి వేసిన మొజాంబిక్ రైతు కూడా అప్పుడు మునిగాడు. రెండు వైపులా నష్టపోయినవాళ్లు చిన్న రైతులే.

ధరలు మళ్లీ ఎక్కాక 2021 మే 15న కంది దిగుమతిని స్వేచ్ఛా జాబితాలోకి తెచ్చారు. అదే జూన్‌లో మయన్మార్‌తో ఐదేళ్ల ఒప్పందం: ఏడాదికి 2.5 లక్షల టన్నుల మినుములు, 1 లక్ష టన్నుల కందులు ప్రైవేటు వ్యాపారుల ద్వారా. మలావీతో 50 వేల టన్నులు, మొజాంబిక్‌తో 2 లక్షల టన్నులు. 2023 మార్చిలో పప్పుగా విడగొట్టని కంది మీద ఉన్న 10 శాతం సుంకం కూడా తీసేశారు. స్వేచ్ఛా దిగుమతి గడువును ఏడాదికోసారి పెంచుతూ 2026 మార్చి 31 దాకా తెచ్చారు. 2024-25లో కంది దిగుమతి సుమారు 12 లక్షల టన్నులకు చేరింది. 2025-26కు మద్దతు ధర 8,000 రూపాయలు అని ప్రకటించినా, 2025లో చాలా మార్కెట్లలో ధర మద్దతు కన్నా కిందే నడిచింది.

పట్నంలో ఉన్న కుటుంబానికి ఇది మంచి వార్త, పప్పు ధర దిగింది. దోర్నాలలో ఐదెకరాల మెట్ట చేసేవాడికి కాదు. పప్పు కొనే ఇల్లు, కంది అమ్మే ఇల్లు చాలాసార్లు ఒకే కుటుంబంలోవి. అన్న ఊళ్లో సేద్యం చేస్తుంటే, తమ్ముడు హైదరాబాద్‌లో ఆటో నడుపుతుంటాడు. ఆగ్రహించాల్సింది దిగుమతి మీద కాదు. అది విత్తనం వేశాక, పంట చేతికొచ్చే ముందు మారిపోవడం మీద. సుంకం ఎంత ఉన్నా పరవాలేదు, విత్తే ముందు తెలిస్తే రైతు లెక్క వేసుకుంటాడు. నోటిఫికేషన్ డిసెంబర్‌లో వస్తే అతని చేతిలో ఏమీ ఉండదు.

పంట వేసే ముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కంది, మినుము దిగుమతి గడువు గురించిన ప్రకటనలు విదేశీ వ్యాపార డైరెక్టరేట్ జనరల్ నుంచి వస్తాయి. సాధారణంగా మార్చి నెలలోపు పొడిగింపు సంగతి తేలుతుంది. ఖరీఫ్ మద్దతు ధరలు మే చివర, జూన్‌లో వస్తాయి. ఈ రెండూ కలిపి చూస్తే ఆ ఏడాది కందికి పోటీ ఎంత ఉంటుందో ఒక అంచనా దొరుకుతుంది. మద్దతు ధరకు ప్రభుత్వ కేంద్రంలో అమ్ముకోవాలంటే ఈ-క్రాప్‌లో పంట నమోదై ఉండాలి. కౌలుకు చేసేవాళ్లు ఈ నమోదు దగ్గరే ఎక్కువగా ఇబ్బంది పడతారు, కాబట్టి కౌలు కార్డు సంగతి రైతు సేవా కేంద్రంలో ముందే అడిగి పెట్టుకోవాలి. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. ధర బాగా పడినప్పుడు మార్కెట్ జోక్యం పథకం ప్రకటిస్తేనే సాయం. గుంటూరు యార్డుకు తీసుకుపోయే ముందు ఆ వారం ఎగుమతి రకాలు ఏవి అడుగుతున్నారో, తేజకా, 341కా, తాలు కాయలకా గిరాకీ ఉందో ఏజెంటును ఒక ఫోన్ చేసి అడిగితే లారీ బాడుగ దండగ కాకుండా ఉంటుంది.